జిస్పా భయ్యాకి, మమ్మల్ని ఆ కొండలు దాటించిన అందరికీ

లేహ్ చేరాం. అందరం క్షేమం. నాన్న పక్క గదిలో నిద్రపోతున్నారు. అమ్మ మాటిమాటికీ లేచి ఆయన ఊపిరి చూసి వస్తోంది. నాకు ఒళ్లంతా నొప్పులు, కళ్లు మండుతున్నాయి. కానీ ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టదు.

నాన్న జీవితమంతా లారీ మీదే గడిచింది, కలకత్తా లైను. తోటి డ్రైవర్ల నోట విన్న మనాలి–లేహ్ రోడ్డు ఒక్కసారి కళ్లారా చూడాలని ఆయన కోరిక. ఆయనకి అరవై దాటాయి, బీపీ ఉంది. మా బాబు ఇంకా చిన్నవాడు. అందుకే నెలల ముందు నుంచే ప్లాన్ మొదలుపెట్టాం. మా ఆయన కారు పనులన్నీ చూసుకున్నారు, తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చి సగం దారి నడిపాడు, అమ్మ దారి పొడుగునా తిండి చూసుకుంది. వాళ్లు ఇంటి మనుషులు, వాళ్ల సంగతి ఇంట్లో మాట్లాడుకుంటాం.

నేను చెప్పాల్సింది జిస్పా భయ్యా గురించి. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను. జిస్పా అంటే మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, కేలాంగ్ దాటాక భాగా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడ ఇంట్లోనే రెండు మూడు గదులు అద్దెకిస్తాడు, టాక్సీ నడుపుతాడు. ఒక రాత్రికి గది ఉందా అని అడగడానికే మొదట ఫోన్ చేశాను. ఆయన గది మాట పక్కనపెట్టి, "ఎవరెవరు వస్తున్నారు, నాన్నగారి వయసెంత, ఏం మందులు వాడతారు?" అని అడిగాడు.

మాకు ఒక టూర్ కంపెనీ ఇచ్చిన ప్లాన్ ఏంటంటే, మనాలిలో ఒక రాత్రి, మర్నాడు రాత్రి సర్చూ టెంట్లలో, ఆ తర్వాత లేహ్. మేం దానికి దారిలో జిస్పాలో ఒక రాత్రి కలిపితే చాలనుకున్నాం. భయ్యా వినగానే "సర్చూలో పడుకోవద్దు" అన్నాడు. మనాలి 2,000 మీటర్ల ఎత్తు, సర్చూ దాదాపు 4,300. అంత ఎత్తుకి ఒక్కసారిగా ఎక్కి అక్కడే పడుకుంటే తలనొప్పి, వాంతులు, ఆయాసం రాత్రిపూటే ఎక్కువవుతాయట. అక్కడ ఆసుపత్రి లేదు. చీకట్లో కిందికి దిగాలన్నా ఎటు వెళ్లినా కనుమే. "జిస్పా 3,200 మీటర్లే. ఇక్కడ రెండు రాత్రులు ఉండండి, పగలు కాస్త నడవండి. మూడో రోజు తెల్లవారకముందే బయల్దేరి చీకటి పడేలోగా లేహ్ చేరండి, అది 3,500. కొండ ఎంతైనా ఎక్కండి, పడుకోవడం మాత్రం కింద పడుకోండి" అని చెప్పాడు. రెండో రాత్రికి డబ్బు తీసుకోలేదు. ఉండమన్నది తనే కదా అన్నాడు.

అప్పటినుంచి దాదాపు ప్రతి సాయంత్రం వాట్సాప్‌లో ఆయన గొంతు వినిపించేది. బారాలాచా కనుమ దగ్గర మంచు తీస్తున్నారనో, జింగ్ జింగ్ బార్ దగ్గర నాలా, అంటే రోడ్డుకి అడ్డంగా పారే వాగు, పొంగిందనో, టాక్సీవాళ్లు ఏ పూట తిరిగొచ్చారో. ఆ నాలాల్లో పారేది కరిగిన మంచు నీళ్లు. తెల్లవారుజామున తక్కువగా ఉంటాయి, ఎండెక్కే కొద్దీ పెరిగి మధ్యాహ్నానికి రాళ్లని కూడా దొర్లిస్తాయి. అందుకే పొద్దున్నే దాటేయాలని పదేపదే చెప్పేవాడు. తాండీ బంకులో ట్యాంకు నింపించింది కూడా ఆయన మాట మీదే. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని అక్కడ బోర్డే ఉంటుంది.

ఇక కొండ దాటే రోజు. నాలుగింటికి మేం కారు ఎక్కుతుంటే భయ్యా తన బండి స్టార్ట్ చేసి ముందు నిలబెట్టాడు. సర్చూలో ప్యాసింజర్లని ఎక్కించుకోవాలి, ఎలాగూ అటే వెళ్తున్నాను, నా వెనకే రండి అన్నాడు. మొదటి నాలా దగ్గర ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఆ చల్లటి నీళ్లలోకి దిగాడు. కాళ్లతో రాళ్లు తడుముకుంటూ అవతలికి నడిచి, టార్చి వేసి మా చక్రాలు ఎటు పోనివ్వాలో చూపించాడు. తమ్ముడు అలాగే దాటించాడు. సర్చూలో టీ తాగాక ఒక చిన్న ఆక్సిజన్ సిలిండర్ మా డిక్కీలో పెట్టి, లేహ్ టాక్సీ స్టాండులో ఎవరికివ్వాలో చెప్పాడు. నాన్న మోకాళ్లకి చేయి తాకించి "ఉస్తాద్‌జీ, ఇక ఈ రోడ్డు మీ సొంతం" అన్నాడు. గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపుల్లోనూ ఏ గేరు వేయాలో నాన్న వెనక సీట్లోంచి తమ్ముడికి చెబుతూనే ఉన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి లేహ్ చేరామని చెబుదామని ఫోన్ చేస్తే భయ్యా భార్య ఎత్తింది. సర్చూ ప్యాసింజర్లు దొరికారా అని అడిగాను. "ప్యాసింజర్లు ఎవరూ లేరు దీదీ. మీ నాన్నగారు రాత్రి దగ్గుతుంటే విన్నాడు. ఇక పడుకోలేదు. వాళ్లని ఒంటరిగా పంపను అన్నాడు" అంది. రానూపోనూ నూట అరవై కిలోమీటర్ల పైన, ఆ రోడ్డు మీద, మా కోసం. నేను ఇంకేం మాట్లాడలేకపోయాను. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను. డీజిల్ డబ్బులు పంపిస్తే వెనక్కి పంపేశాడు. భయ్యా, నీకు తెలుగు రాదు, ఇది చదవలేవు. అయినా చెబుతున్నా. మా నాన్న ఇవాళ నవ్వుతూ పడుకున్నారంటే నీ వల్లే.

ఒక్క మాట కోపంగానే అడుగుతాను. రోడ్డు తెరిచి ఉందా లేదా అని తెలుసుకోవడానికి ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబరు ఇచ్చారు. అక్కడ ఎత్తేవాళ్లే లేరు. దార్చా దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు. ఎత్తు గురించి ఒక్క ముక్క చెప్పకుండా పెద్దవాళ్లకీ పిల్లలకీ రెండో రాత్రే సర్చూ ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఆపేవాళ్లెవరు? జిస్పా భయ్యా లాంటి మనిషి దొరకని కుటుంబాల సంగతేంటి?

ఇంకా చాలామంది ఉన్నారు, మరిచిపోయేలోపు రాసేస్తాను. పాంగ్‌లో నాన్నకి ఆయాసం వస్తే వేలికి ఆక్సీమీటర్ పెట్టి, కాసేపు ఆక్సిజన్ ఇచ్చి, "ఏం కాదు బాబాయ్" అని తెలుగులో ధైర్యం చెప్పిన శ్రీకాకుళం జవాను. తంగ్లంగ్ లా కనుమ దగ్గర, 5,300 మీటర్ల ఎత్తులో, నల్లబడిన ముఖాలతో తారు పోస్తూ మా కారు కోసం పక్కకి జరిగిన బీఆర్ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) కూలీలు. ఎక్కడో జార్ఖండ్ దుమ్కా నుంచి వచ్చారట, ఆ గాలిలో నాకు నాలుగడుగులు వేయడమే కష్టమైంది. సల్ఫా మందులు పడవని నాన్న పాత చీటీలో చూసి, ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర వద్దని ఆపిన తెనాలి డాక్టరు గారు. కేలాంగ్‌లో పొద్దున్నే షట్టర్ ఎత్తి పంక్చరు వేసిన కుర్రాడు.

అయ్యో, కింద ఫ్లాట్ ఆంటీ! మొక్కలకి నీళ్లు పోసి, పాలవాడికి డబ్బులు కూడా మీరే ఇచ్చారట. ఆదివారానికి ఇంట్లో ఉంటాం ఆంటీ, వచ్చాక ఇచ్చేస్తాను.