లేఖల చివరి పేర్లను వదలకండి

సంపాదకులు గారికి,

బైబిలు కొత్త నిబంధనలోని అపొస్తలుడు పౌలు లేఖల మీద వచ్చే వ్యాసాలు, ప్రసంగాలు ఎక్కువగా కృప, విశ్వాసం, సంఘ క్రమం వంటి అంశాలకే పరిమితమవుతున్నాయి. లేఖ చివర వచ్చే పేర్లను, ప్రయాణ సంగతులను పైపైన చదివి దాటేస్తున్నారు. దూరాన ఉన్నవారిని ఆదిమ క్రైస్తవ సంఘాలు ఎలా ఓదార్చాయో తెలిసేది ఆ వాక్యాల్లోనే గనుక, వాటి గురించి నాలుగు మాటలు రాయదలచాను.

ఎఫెసీయులకు రాసిన లేఖ 6వ అధ్యాయంలో 21, 22 వచనాలు చూడండి. సంకెళ్లలో ఉన్న పౌలు తన క్షేమ సమాచారాలేవీ అక్కడ వివరించలేదు. అవన్నీ తన సహచరుడు తుకికు వచ్చి చెబుతాడని, వారి హృదయాలను ఓదార్చడానికే అతణ్ని పంపుతున్నానని మాత్రం తెలియజేశాడు. కొలొస్సయి సంఘానికీ దాదాపు ఇవే మాటలు రాసి, తుకికుకు తోడుగా ఒనేసిమును పంపాడు. తుకికు ఆసియ ప్రాంతంవాడు, ఒనేసిము కొలొస్సయివారిలో ఒకడు. చెరలో ఉన్నవాడు ఎంత ధైర్యంగా ఉత్తరం రాసినా, ఆరోగ్యం ఎలా ఉందో, దగ్గర ఎవరున్నారో, ఆ ధైర్యం నిజమైనదేనా కాదా అని ఆత్మీయుల మనసు కొట్టుకుంటూనే ఉంటుంది. ఆయనను కళ్లారా చూసి వచ్చిన, తమకు నమ్మకమైన మనిషి ఎదుట కూర్చుంటే తప్ప ఆ బెంగ తీరదు.

అప్పట్లో రోమా ప్రభుత్వ తపాలా రాజ్యకార్యాలకే ఉండేది. సామాన్యుల ఉత్తరాలు మనుషుల చేతనే చేరాలి. అయితే పౌలు వేరే దారి లేకనే మనుషులను పంపాడనుకోవడం సరికాదు. థెస్సలొనీకలోని విశ్వాసులు శ్రమల్లో ఉన్నారని మనసు ఆగక, ఏథెన్సులో తానొక్కడే మిగిలిపోవడానికి ఒప్పుకుని మరీ తన సహచరుడు తిమోతిని వారి దగ్గరకు పంపాడు. ఉత్తరం చేరవేయడమే పనైతే ఆ దారిన పోయే ఎవరైనా సరిపోయేవారు.

ఓదార్పు పౌలు నుంచి సంఘాలకే కాదు, సంఘాల నుంచి పౌలుకూ చేరింది. త్రోయ పట్టణంలో తన మరో సహచరుడు తీతు కనబడక నెమ్మది లేకుండా మాసిదోనియకు వెళ్లిన ఆయన, అక్కడికి తీతు వచ్చాకే ఊరట పొందాడు. తీతు రాక ఒక్కటే కాదు, కొరింథులో తీతు పొందిన ఆదరణ కూడా తనను ఆదరించిందని రాయడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది.

ఈ పద్ధతి పౌలుతో ఆగలేదు. రెండో శతాబ్దపు తొలినాళ్లలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను మరణశిక్షకై రోమాకు తీసుకుపోతుండగా, ఆయన ఫిలదెల్ఫియ, స్ముర్న సంఘాలకు లేఖలు రాశాడు. అంతియొకయలో శాంతి నెలకొన్నందుకు అక్కడివారితో సంతోషం పంచుకోవడానికి తగిన మనిషిని ఎన్నుకుని పంపాలని వాటిలో కోరాడు.

ఫిలిప్పీ సంఘం పంపిన కానుకను మోసుకొచ్చి, జబ్బుపడి చావు అంచు దాకా వెళ్లిన ఎపఫ్రొదితును తిరిగి పంపుతూ, అలాంటివారిని ఘనపరచాలని పౌలు స్పష్టంగా చెప్పాడు. కాబట్టి ఈ లేఖలను ఆరాధనలో చదివేవారు, ఆధ్యాత్మిక శీర్షికల్లో వివరించేవారు ముగింపు వచనాలను కూడా పూర్తిగా చదివి, ఆ పేర్లు ఎవరివో, వారు ఎవరి కోసం ఎంత దూరం వెళ్లారో చెప్పాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు