ఒరేయ్ మావా, టర్బైన్‌ని చేత్తో తిప్పాన్రా!

గాజువాక,
విశాఖపట్నం

ఒరేయ్ మావా,

రెండు నెలలైనా జవాబు రాయలేదని తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ బాగుంది, మోకాలి నొప్పి మామూలే. చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. అవన్నీ తర్వాత. మొన్న రాత్రి సంగతి నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

సి షిఫ్టు. రెండున్నరకి మా కరెంటు ప్లాంటులో యూనిట్ ట్రిప్పయింది, అంటే టర్బైన్‌కి ఆవిరి దానంతటదే ఆగిపోయింది. బాయిలర్ నుంచి 540 డిగ్రీల ఆవిరి వచ్చి బ్లేడ్లని తోస్తే వాటిని మోసే ఇరుసు, అంటే రోటర్, తిరుగుతుంది, దానికి తగిలించిన జనరేటర్ కరెంటు పుట్టిస్తుంది, ఇంతవరకూ నీకు తెలిసిందే. నిమిషానికి 3000 చుట్లు, అంటే సెకనుకి 50. మనింట్లో కరెంటు 50 హెర్ట్జ్ అంటారే, ఆ 50 ఇదే. మొదటి వరస బ్లేడు జేబులో పట్టేస్తుంది, చివరి వరసది దాదాపు మీటరు. ఒత్తిడి తగ్గేకొద్దీ ఆవిరి ఉబ్బుతుంది, దారి కావాలి కదా.

ఆవిరి ఆపేసినా అది అరగంట పైనే తిరుగుతుంది. ఎప్పుడూ ఉండే హోరు మెల్లగా దిగిపోతుంటే చెవులు దిబ్బడేసినట్టయింది. ఆగాక బారింగ్ గేర్ అనే యంత్రం అందుకుని రోటర్‌ని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. ఆ రాత్రి అందుకోలేదు!

ఆర్కే బీచ్‌లో మన పొత్తుల మామ్మ గుర్తుందా? "తిప్పకపోతే ఒక పక్కే మాడిపోద్ది బాబూ" అనేది. ఇక్కడా అంతే. వేడి పైకి చేరుతుంది, కింద పక్క ముందు చల్లారుతుంది, అన్ని టన్నుల రోటర్ విల్లులా వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా మళ్లీ 3000కి లేపితే ఆ అదురుకి బేరింగులు మిగలవు.

మా ఫోర్‌మన్ బాబాయి ఓ ఇనుప లివర్ నా చేతిలో పెట్టి "లాగరా" అన్నాడు. జోక్ అనుకున్నా. కింద నుంచి నూనెని గట్టి ఒత్తిడితో పంపి రోటర్‌ని బేరింగు మీద కాస్త లేపి ఉంచుతారట. లాగాను. కదిలిందిరా! టక్... టక్... పన్ను పన్నుగా. అర చుట్టు తిప్పడం, ఆగడం, మళ్లీ అర చుట్టు. నీ స్కూటర్‌ని కిక్కు కొట్టిన రోజుల్లో కూడా ఇంత చెమట పట్టలేదు. ఇది కనీసం కదిలింది. తెల్లారేసరికి ఇరుక్కున్న వాల్వు దొరికింది, గేర్ పట్టుకుంది. నా అరచేతులు మాత్రం ఇంకా పొంగిన పూరీలే.

అన్నట్టు బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం కింద నిలబడి, "ఎనిమిది ఫ్యాన్లుండీ గాలి లేదు" అన్నావు చూడు, వాటిని తిప్పేవీ టర్బైన్లే. ఆవిరికి బదులు ఇంధనం మండి పుట్టిన వాయువు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో అయితే నీళ్లు. నువ్వొస్తే ఈసారి

బస్సు హారన్ కొట్టేస్తున్నాడు. చెల్లిని చూడ్డానికి వచ్చిన అబ్బాయి ఎవరో తెలుసా, మన ట్యూషన్లో సుద్దముక్కలు తినేవాడు... ఉంటాన్రా, పోస్టు చేసి ఎక్కుతా.

నీ
మావ