కానుకల పెట్టె వేరు, సర్కారు ఖజానా వేరు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక లెక్కల సారు లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను హనుమకొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. క్రైస్తవుణ్ణి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, క్రైస్తవుడు బడి నిధుల గురించి నోరు విప్పితే మిషన్ బళ్ల కోసం అడుగుతున్నాడనే అనుకుంటారు. నేను అడిగేది సర్కారు బడికి.

మా నాయనమ్మది డోర్నకల్ వైపు పల్లె. మాదిగవాడ పిల్లను ఊరి బడి అరుగు ఎక్కనియ్యని రోజుల్లో చర్చి పంతులు ఆమెతో వేపచెట్టు కింద పలక పట్టించాడు. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు, పల్లెల్లో నడిపించిన బళ్లు అట్లాంటివే. ఎవరికి బడి లేదో వాళ్ల కోసం పెట్టినవి. ఇయ్యాల ఆ పిల్లలు ఎక్కడున్నారు సార్? మా బడిలో ఉన్నారు. హమాలీల పిల్లలు, పత్తి ఏరే కూలీల పిల్లలు, తండాల నుంచి నడిచొచ్చే పిల్లలు, మొత్తం 86 మంది. నా విశ్వాసమే నన్ను వాళ్ల దగ్గర నిలబెట్టింది. మిషన్ బడిలో చేరొచ్చు కదా అని మా చర్చి సంఘంలో అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు కూడా ఇదే.

తరగతి గదిలో నా విశ్వాసం మాట ఎత్తను. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్తుంది. ఆ గీత నాకు బరువనిపించలేదు. ఒకసారి పదో తరగతి పరీక్షకు ముందు ఒక పాప నా దగ్గరికొచ్చి, "సార్, నా కోసం ప్రార్థన చేయరా" అంది. ఇంటికెళ్లి చేస్తానమ్మా, ఇప్పుడు మాత్రం త్రికోణమితి పుస్తకం తియ్యి అన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం ఆరు లెక్కలు చేశాం. రాత్రి ఆమె కోసం మోకాళ్ల మీద కూర్చున్నాను.

పోయినేడు మా సంఘం మా బడికి నాలుగు ఫ్యాన్లు ఇస్తామంది. రెక్కల మీద సంఘం పేరు రాయిద్దామన్నారు ఒక పెద్దాయన. వద్దండీ, ఆ ఫ్యాన్ కింద కూర్చునే పిల్లలు అన్ని ఇళ్ల వాళ్లు అన్నాను. కాసేపు ముఖం ముడుచుకున్నారు గానీ పేరు లేకుండానే ఇచ్చారు. సంతోషమే. కానీ నాలుగు ఫ్యాన్ల కోసం ప్రభుత్వ బడి ఒక చర్చి వైపు చూడాల్సి రావడమే నన్ను బాధపెట్టింది. దాతలను వెతుక్కోండని పై నుంచి మాకు చెప్తుంటారు. దాత మంచోడైతే పేరు వద్దంటాడు. కాకపోతే బడి గోడ మీద ఎవరి దేవుడి బొమ్మ ఉండాలో కూడా ఆయనే చెప్తాడు. బడికి పూర్తి నిధులు ఇవ్వండని ఒక క్రైస్తవుడిగా అడగడానికి ఇదొక్క కారణం చాలు.

మాకొచ్చే స్కూల్ గ్రాంటు లెక్క చూడండి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి 25,000 రూపాయలు. మా 86 మందికి పంచితే తలకు 290 రూపాయల చిల్లర. చాక్‌పీసులు, రిజిస్టర్లు, ప్రయోగశాల సామాను, నల్లా రిపేరు అన్నీ అందులోంచే. అదీ విడతలుగా, ఒక్కోసారి విద్యా సంవత్సరం సగం గడిచాక ఖాతాలో పడుతుంది.

ఇక మధ్యాహ్న భోజనం. వారానికి మూడు గుడ్లు పెట్టాలి. ఒక చలికాలం గుడ్ల ధర పెరిగింది, బిల్లు మూడు నెలలుగా రాలేదు. కిరాణా కొట్టాయన ఇక ఉద్దెర ఇయ్యనన్నాడు. ఆ రోజు వంటగదిలోకి పోతే మా వంటమ్మ ఉడికిన గుడ్డును కుట్టుదారంతో సగానికి కోస్తోంది. దారం ఒక కొస పంట పట్టుకుని, రెండో కొస వేలికి చుట్టుకుని, పచ్చసొన చెదరకుండా. "చెరిసగమన్న తింటరు సారూ. ఈ సగం గుడ్లు గూడ నా పైసలతోనే తెచ్చిన" అంది. ఆమెకు నెలకు వచ్చే గౌరవ వేతనం 3,000.

ఆ ఆదివారం చర్చిలో, తనకున్న రెండు కాసులూ కానుకల పెట్టెలో వేసిన బీద విధవరాలి గురించిన బైబిల్ వాక్యం చదివారు. నాకు వంటమ్మే గుర్తొచ్చింది. అయితే కానుకల పెట్టెలో వేసే కాసు ఎవరిష్టం వాళ్లది. బడి గుడ్డు అట్లా కాదు, అది పిల్ల హక్కు, అప్పటికే ప్రజలు పన్ను కట్టిన సొమ్ము. ఆమె కొంగున కట్టుకున్న పైసలతో సర్కారు బాకీ తీర్చడం అన్యాయం.

2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు. ఏడున్నర శాతం. 2023 ఎన్నికల మేనిఫెస్టోలో మీ పార్టీ రాసుకున్నది 15 శాతం. సగం దారిలో ఉన్నారు. మిగతా సగానికి ఏ ఏడాది ఎంతో శాసనసభలో చెప్పండి.

మిషన్ బళ్ల సంగతీ దాచను. నేను చదివింది ఒక ఎయిడెడ్ బడిలో, అంటే యాజమాన్యం మిషన్‌ది, సాయం సర్కారుది. నాకు లెక్కలు చెప్పిన సారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్లీ నిండలేదు. మైనారిటీ యాజమాన్యమని సాయంలో వివక్ష చూపొద్దని 30వ అధికరణం అంటుంది. ఫీజు లేకుండా పేద పిల్లలకు చెప్తున్న ఎయిడెడ్ బళ్లలో, అవి ఏ మతం వాళ్లవైనా, పోస్టులు నింపండి. వేలల్లో ఫీజు గుంజే బడికి మాత్రం, గేటు మీద సిలువ ఉన్నా సరే, ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈ మాటకు మా వాళ్లు కొందరు నొచ్చుకుంటారని తెలుసు. సంఘంలోనూ ఇదే చెప్పాను.

జూన్ 12న బడి తెరిచే నాటికి గ్రాంటు మొదటి విడత ఖాతాలో ఉండాలి. గుడ్ల బిల్లు ఏ నెలది ఆ నెల వంటమ్మల ఖాతాలో పడాలి. మీరు వరంగల్ వచ్చినప్పుడు గుడ్డు పెట్టే రోజు చూసుకుని, ముందు చెప్పకుండా, మధ్యాహ్నం మా పిల్లల వరుసలో కూర్చోండి. ప్లేటు మేమిస్తాం.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు,
హనుమకొండ జిల్లా