పేలుడు లెక్క పంచాయతీ గోడ మీద పెట్టండి

సంపాదకుడు గారికి,

మధ్యాహ్నం సైరన్ మోగిందంటే మా వాడకట్టులో ఆడవాళ్లు బోళ్ల స్టాండు పట్టుకుని నిలబడతారు. ఓపెన్‌కాస్టు గని పక్కన ఊరు మాది. గోడలు నెర్రెలు బారాయని అడిగితే, "కంప్యూటర్‌లో మోడల్ చేసి చూసుకునే పేలుస్తున్నాం, పరిమితి దాటదు" అంటున్నారు గని వాళ్లు. ఊళ్లోవాళ్లేమో ఆ కంప్యూటర్ మాటే మోసం అంటున్నారు. గనిలో మందు పేల్చే షాట్‌ఫైరర్‌గా చేసి రిటైరైనవాణ్ని, నాకు ఇద్దరితోనూ పేచీయే.

మోడల్ మోసం కాదు. బండలో తొలిచిన బోరులో పేలుడు మందు పేలితే పుట్టే అల బండను నొక్కుకుంటూ బెంచీ (గనిలో మెట్టులా తవ్విన బండ) అంచు దాకా పోతుంది, అక్కడ తిరగబడి లాగడం మొదలుపెడుతుంది. నొక్కితే ఓర్చుకునే బండ లాగితే అందులో పదో వంతుకే చిట్లుతుంది. ఆ పగుళ్లలోకి గ్యాసు దూరి ముక్కల్ని ముందుకు తోస్తుంది. మా రోజుల్లో ఇదంతా కంటి అంచనా. ఇప్పుడు బండను వేల దిమ్మలుగా కంప్యూటర్‌లో పేర్చి బోర్ల ఎడం, మందు, ఒక బోరు పేలాక ఇంకోటి పేలే దాకా ఉంచే మిల్లీసెకన్ల డిలే మార్చి మార్చి చూడొచ్చు. మాకప్పుడు ఉండుంటే ఎన్ని పెద్ద బండలు మళ్లీ పగలగొట్టే బాధ తప్పేదో!

అయితే ఏ బండ లెక్క అది? హనుమకొండ గ్రానైటుకు కుదిరిన అంకెలు, బొగ్గు మీదుండే గోదావరి లోయ ఇసుకరాయికి కుదరవు. ఊళ్లో అదురు కొలిచి సరిచూడని మోడల్ నాకు రంగుల బొమ్మతో సమానం. పైగా అదురును తేల్చేది ఒక్కో డిలేకి, అంటే ఒకే విడతలో, పేలే మందు. అది నాలుగింతలైతే అంతే అదురు రెండింతల దూరం పోతుంది. మందును పేల్చే మామూలు డిటోనేటర్లు చెప్పిన టైముకు కాస్త అటూ ఇటూ పేలతాయి. రెండు బోర్లు ఒకేసారి పడ్డాయా, కాగితం మీది లెక్క తప్పినట్టే.

గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్ ప్రకారం, గనికి చెందని ఇళ్ల దగ్గర అదురు 8 హెర్ట్జ్‌లోపు (సెకనుకు ఎనిమిది ఊపుల లోపు) ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 25 హెర్ట్జ్ పైన అయితే 15 దాకా ఒప్పుతారు. మరి గని వాళ్లు చెప్పే పరిమితి ఇందులో ఏది?

ప్రతి పేలుడుకూ డిలేకి ఎంత మందు వేశారు, మోడల్ ఎంత అదురు చెప్పింది, అదురు కొలిచే యంత్రంలో ఎంత వచ్చింది, ఎన్ని హెర్ట్జ్ అన్నది పంచాయతీ ఆఫీసు గోడకు అతికించాలి. మంథని జేఎన్టీయూ కాలేజీలో మైనింగ్ చదివే పిల్లలున్నారు, ఆ అంకెలు పోల్చి చూసే పని వాళ్లకిస్తే ఇంకా మంచిది. యంత్రాన్ని మాత్రం గని గేటు దగ్గర కాకుండా ఇళ్ల మధ్య పెట్టాలి. చోటు లేదంటే మా వాకిలి ఉంది.

— ఓ రిటైర్డ్ షాట్‌ఫైరర్, ఉమ్మడి వరంగల్ జిల్లా