అమ్మా, ఆ వీడియో గురించి

అమ్మా,

నేను తాడుతో రెడ్‌వుడ్ చెట్టు ఎక్కుతున్న ఆ వీడియో తమ్ముడు నీకు చూపించకపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఫోన్లో నన్ను ఒక్క మాట చెప్పనివ్వలేదు నువ్వు, అందుకే రాస్తున్నా. పని మామూలే, ఈ చెట్ల కొలతలు, రిపోర్టులు, మా మేడమ్ కూడా మంచావిడే.

ముందు తాడు సంగతి. బాణంతో సన్నటి గాలం దారాన్ని పైకొమ్మ మీదుగా వేస్తాం, దాని సాయంతో సన్న తాడు, ఆ తర్వాతే అసలు తాడు లాగుతాం. ఎవరైనా ఎక్కేముందు ఇద్దరు కలిసి దానికి వేలాడి చూస్తారు. బెరడు దెబ్బతింటుందని మేకుల బూట్లు కూడా వేసుకోనివ్వరు. నాన్న హెల్మెట్ లేకుండా బండి మీద తిరుగుతుంటే నీకు ఇంత టెన్షన్ రాదేం?

తమ్ముడేమో హైపీరియన్ ఎక్కావా అని అడుగుతున్నాడు. అది ఇక్కడ కాలిఫోర్నియాలో 115 మీటర్లు దాటిన రెడ్‌వుడ్, ప్రపంచంలోకెల్లా ఎత్తైన చెట్టు, 2006లో కనిపెట్టారు. చూడ్డానికి జనం ఎగబడి చుట్టూ నేలంతా తొక్కేస్తుంటే 2022లో పార్కు వాళ్ళు అటు వెళ్ళడమే నిషేధించారు. వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. మేం దాని జోలికే పోం.

కానీ పైన ఏముందో నీకు చెప్పాలనుంది. కింద నుంచి చూస్తే చాలా దూరం కొమ్మే ఉండదు, ఉత్త మాను. అంత ఎత్తుకి వెళ్ళాక చెట్టు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది, మానులోంచే ఇంకో మాను, దాని మీద ఇంకోటి. ఆ పంగల్లో ఏళ్ళ తరబడి రాలిన ఆకు కుళ్ళి మన్నయింది, కొన్నిచోట్ల మీటరు లోతు. నేలను ఎప్పుడూ తాకని మన్ను అమ్మా! దాని మీద ఫెర్న్‌లు, అదే పువ్వులు పూయని ఆకు మొక్కలు, దట్టంగా పెరుగుతాయి, హకిల్‌బెర్రీ అనే చిన్న పళ్ళ పొదలు కాయలు కూడా కాస్తాయి. ఎండాకాలం ఇక్కడ వాన దాదాపు పడదు, సముద్రం నుంచి వచ్చే పొగమంచునే ఆకులు నేరుగా తాగేస్తాయి.

ఆ ఫెర్న్‌ల కింద సాలమాండర్ ఒకటి కనిపించింది, చూడ్డానికి బల్లిలా ఉంటుంది కానీ కప్పలకి చుట్టం. వేలంత పొడవు, ముదురు గోధుమ రంగు మీద కంచు మచ్చలు. దానికి ఊపిరితిత్తులే లేవు, చర్మంతోనే గాలి పీలుస్తుంది. కాలివేళ్ళ చివర్లలో నెత్తురు ఎర్రగా కనబడుతోంది, అంత పల్చటి చర్మం. పైనుంచి జారినా కాళ్ళు చాపి గాలిలో తేలుతూ దిగుతుందట. (నాకా అవసరం రాదులే, తాడుంది.)

నాన్నమ్మ చెట్ల వయసు అడిగిందిగా, కొన్నిటికి రెండు వేల ఏళ్ళు దాటాయి. పాత అడవిలో నూటికి అయిదు వంతులే మిగిలిందంటే నాకే కడుపులో దేవినట్టయింది.

పైన ఉన్నంతసేపు ఒంటరిగా అనిపించదు. సాయంత్రం గదికొచ్చి తలుపు తీసేటప్పుడే కష్టం. తింటున్నాను, సన్నబడలేదు, వీడియోలో ఆ బెల్టుల వల్ల అలా కనిపించాను.

నాన్న కంటి ఆపరేషన్ ఎప్పుడో ఖాయం కాగానే చెప్పు, సెలవు అడగాలి. ఇక నుంచి వీడియోలు నీకే పంపుతా, వాడికి కాదు.

నీ బుజ్జి