బొప్పాయి పాలలో ఉన్న కత్తెర

సంపాదకుడు గారికి నమస్తే,

ఆదివారం మీరు పచ్చి బొప్పాయి మీద వేసిన వ్యాసం బానే ఉంది కానీ మాంసాన్ని మెత్తబరిచే అసలు పని చేసే పపైన్ ఎంజైమ్ (ప్రోటీన్‌ని ముక్కలు చేసే పదార్థం) గురించి ఒక్క ముక్క లేదేంటండీ. హైదరాబాద్‌లో పత్థర్ కా గోష్త్ (వేడి రాతి మీద కాల్చే మాంసం) కోసం మటన్‌కి పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తారు కదా, ఆ కాయ పాలలో ఉండేది ఇదే, 212 అమైనో ఆమ్లాల గొలుసు రెండు ముద్దలుగా మడతపడి మధ్యలో ఒక సందు ఉంటుంది, ఆ సందులో 25వ చోట సిస్టీన్, 159వ చోట హిస్టిడీన్ అనే అమైనో ఆమ్లాలు కలిసి మాంసం ప్రోటీన్‌ని కత్తెరలా కట్ చేస్తాయి. ఈ ఆకారాన్ని 1968లోనే నెదర్లాండ్స్‌లో ఎక్స్‌రేలతో చూశారు. ఎక్కువసేపు నానబెడితే ముక్క పిండైపోయేది కూడా అందుకే (మా ఇంట్లో మాత్రం ఎవరూ వినరు). చల్లబెడితే బీరు మసకబారకుండా కూడా దీన్నే వాడతారు.

మందుల సంగతే అసలు రాయాల్సింది. పుండ్లలో చచ్చిన కణజాలం తీయడానికి పపైన్ ఆయింట్‌మెంట్లు ఉండేవి, తీవ్రమైన అలర్జీలు వస్తున్నాయని 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేనివాటిని ఆపించింది. రబ్బరు గ్లవ్స్ పడనివాళ్ళలో కొందరికి బొప్పాయి కూడా పడదు. మీరేమో పుండు మీద పచ్చికాయ రుద్దమని చిట్కా వేశారు, దానికి సవరణ వేయండి ప్లీజ్.

– ఒక పాఠకుడు, హైదరాబాద్