పెద్దచెరువు గురించి తల్లిదండ్రులకు

తల్లిదండ్రులకు నమస్కారం.

యూనిట్ టెస్టుల తేదీలు, బస్సు వేళల్లో మార్పులు వెనక పేజీలో ఉన్నాయి. ఈ పేజీ మాత్రం మన హైదరాబాద్ శివారులోని అమీన్‌పూర్ పెద్దచెరువుకే కేటాయించాను. మన పిల్లల్లో చాలామంది రోజూ బస్సు కిటికీలోంచి చూసే చెరువు అది. దాని విషయంలో మీ అందరి సాయం కావాలి.

ముందు ఈ చెరువు గొప్పదనం చెప్పాలి. మనలో ఎక్కువమందిమి వేరే ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లమే కాబట్టి తెలియకపోవచ్చు. కుతుబ్ షాహీల కాలం నాటి చెరువు ఇది. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఒక నగరం పరిధిలోని నీటివనరుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. అది ఊరికే రాలేదు. అప్పట్లో ప్రభుత్వ సంస్థలకు కాపలా కాసే స్పెషల్ ప్రొటెక్షన్ ఫోర్స్ అధిపతిగా ఉన్న తేజ్‌దీప్ కౌర్ మీనన్ గారు తన సిబ్బందిని వెంటబెట్టుకుని వచ్చి ఇక్కడ చెత్త ఎత్తించారు, మొక్కలు నాటించారు. పక్షులను చూడటానికి వచ్చేవాళ్లు, చుట్టుపక్కల జనం కూడా చేయి కలిపారు. కాగితం మీద గుర్తింపు ఆ తర్వాతే వచ్చింది. ఆ వరుస మన పిల్లలకు తెలియాలని నా కోరిక.

బడి తెరిచిన కొత్తలో ఏడో తరగతి పిల్లల్ని సైన్స్ టీచరు చెరువు ఒడ్డుకు తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. గులకరాళ్ల నేల మీద అడుగు పెట్టామో లేదో, ఒక తీతువు పిట్ట లేచి మా తలల మీద చక్కర్లు కొడుతూ ఒకటే అరుపు. పిల్లలు ఉన్నచోటే ఆగిపోయారు. ఒక అమ్మాయి వేలు పెట్టి చూపిస్తే గానీ మాకు కనబడలేదు. ఆమె చెప్పుకు జానెడు దూరంలో నాలుగు గుడ్లున్నాయి. గూడంటూ లేదు, గడ్డిపరక కూడా లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ రాళ్లు, ఆ రాళ్ల రంగులోనే నల్లమచ్చల గుడ్లు. అందరం వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచాం. మేం దూరం జరిగాక ఆ పిట్ట దిగింది. తిన్నగా గుడ్ల దగ్గరికి పోలేదు. ఎక్కడో దిగి, అటూ ఇటూ తిరిగి, ఎవరూ చూడట్లేదని నమ్మకం కుదిరాకే వెళ్లి కూర్చుంది.

తీతువు ఎండాకాలం మొదలుకుని వానలదాకా ఇలా ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుంది. సరిగ్గా అదే నేల మీద సెలవు రోజుల్లో బైకులు తిరుగుతాయి, కార్లు ఆపుకుంటారు, పెంపుడు కుక్కల్ని గొలుసు తీసి వదులుతారు. దయచేసి మీరు వెళ్లినప్పుడు వాహనం రోడ్డు మీదే ఆపండి, కుక్క గొలుసు వదలకండి. పక్షులకు బ్రెడ్డు, బిస్కెట్లు వేయొద్దని పిల్లలకు చెప్పండి. అవి వాటి తిండి కాదు, మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది.

చెరువును బాగుచేయడమంటే వాకింగ్ ట్రాక్, రంగు లైట్లు, చుట్టూ రాతికట్టడం అనుకుంటారు. ఆ మధ్య కొందరు తల్లిదండ్రులు అలాంటి ప్రతిపాదనతోనే నా దగ్గరికి వచ్చారు. వారి మంచి ఉద్దేశాన్ని గౌరవిస్తాను, కానీ నేను ఒప్పుకోలేకపోయాను. చలికాలంలో హిమాలయాల అవతలి నుంచి ఎగిరి వచ్చే ఉల్లంకి పిట్టలు బురదలో ముక్కు దించి పురుగుల్ని ఏరుకుంటాయి. రాజహంసలకు, అంటే ఫ్లెమింగోలకు కూడా కాళ్లు ఆనేంత నీళ్లే కావాలి. నీళ్లు తగ్గి, అంచున బురద తేలి, తుంగ పెరిగి మనకు చిందరవందరగా కనిపించే చోటే వాటి వంటిల్లు. అక్కడ లోతుగా తవ్వి, నిటారుగా రాయి కడితే ఆ పక్షులకు దిగే చోటు ఉండదు. రాత్రంతా లైట్లు వెలిగితే తుంగలో నిద్రపోయే పిట్టలకు నిద్ర ఉండదు. చెరువును చెరువులా ఉండనివ్వాలి.

అసలు ముప్పు మాత్రం మన ఇళ్లలోంచే వస్తోంది. మన పాత చెరువులు గొలుసుకట్టుగా కట్టినవి. ఒకటి నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువుకు చేరాలి. ఆ కాలువలు వాననీటి కోసం తవ్వినవి. ఇప్పుడు వాటిలో ఏడాది పొడవునా మురుగు పారుతోంది. మురుగులోని నత్రజని, సబ్బుల్లోని ఫాస్ఫరస్ గుర్రపుడెక్కకు మంచి ఎరువు. అది నీటిని కప్పేస్తే లోపలికి వెలుతురు పోదు. కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. తెల్లవారుజామున ఆ ప్రాణవాయువు మరీ పడిపోతుంది కాబట్టే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇక పరిశ్రమల వ్యర్థాలు కలిస్తే ఏమవుతుందో పక్కనే గండిగూడెం చెరువులో 2017లో చూశాం, చచ్చిన చేపలు కుప్పలుగా తేలాయి. మురుగు ఆపకుండా ఎన్నిసార్లు గుర్రపుడెక్క తీసినా అది మళ్లీ పెరుగుతుంది. అందుకే పిల్లల చేత చెరువులోంచి గుర్రపుడెక్క తీయించే కార్యక్రమం నేను పెట్టడం లేదు. దానికి బదులు పెద్దల్ని ఒకటి అడుగుతున్నాను.

మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తదుపరి మీటింగులో రెండు ప్రశ్నలు వేయండి. మన మురుగుశుద్ధి ప్లాంటు రోజూ నడుస్తోందా, కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి ఆపేస్తున్నారా? మన సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే ట్యాంకరు ఆ లోడును ఎక్కడ దించుతోంది? రెండో ప్రశ్నకు డ్రైవరు సూటిగా సమాధానం చెప్పకపోతే ఆ ట్యాంకరును మళ్లీ పిలవకండి. చెరువు హద్దు, అంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత), దాని చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన 30 మీటర్ల బఫర్ గురించి కూడా తెలుసుకోండి. అక్కడ రాత్రిపూట టిప్పర్లు మట్టి పోస్తుంటే ఫొటో తీసి అధికారులకు పంపండి. పిల్లల్ని మాత్రం దానికి పంపకండి. అది పెద్దలు చేయాల్సిన పని.

పండగలు దగ్గర పడుతున్నాయి. బతుకమ్మ చెరువుకు పరాయిది కాదు. తంగేడు, గునుగు, బంతిపూలు నీళ్లలో కలిసిపోతాయి. గునుగుకు అద్దే రసాయన రంగులు, కింద పెట్టే థర్మకోల్, పైన చుట్టే ప్లాస్టిక్ మెరుపులు కలవవు. మా చిన్నప్పుడు తాంబాళంలో గుమ్మడాకులు పరిచి పేర్చేవాళ్లం. ఈసారి బడి బతుకమ్మను అలాగే పేరుస్తాం, రంగు వేయని తెల్ల గునుగుతోనే. మీ ఇంట్లో పెద్దమ్మలు, నానమ్మలు ఎవరైనా పేర్చడం నేర్పడానికి వస్తే పిల్లలకు పండగే.

వినాయకుడి విషయానికొస్తే, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కరగదు, దాని మీది రంగుల్లోని సీసం లాంటి లోహాలు అడుగు మట్టిలో చేరతాయి. కాబట్టి చవితికి ముందు శనివారం పిల్లలందరి చేత మట్టి గణపతిని చేయిస్తున్నాం. ఒక కుమ్మరి దంపతులు మట్టి తెచ్చి నేర్పడానికి ఒప్పుకున్నారు. బొమ్మ పిల్లల అరచేతి కంటే పెద్దది కాకుండా చూస్తాం. అప్పుడైతే ఇంట్లోనే బకెట్‌లో నిమజ్జనం చేసి ఆ నీళ్లు కుండీలో పోసుకోవచ్చు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ ఏడాది నెలకోసారి చెరువు దగ్గర పక్షుల్ని లెక్కపెట్టి రాసిపెడతారు. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన నాటికి వారి చేయి తిరగాలని ఆశ. ఇంట్లో బైనాక్యులర్ ఊరికే పడి ఉంటే బడికి ఇవ్వండి, పేరు రాసుకుని జాగ్రత్తగా తిరిగి ఇస్తాం. వెంట రాగలిగిన తల్లిదండ్రులు క్లాస్ టీచరుకు చెప్పండి. ఉదయం ఆరింటికి గేటు దగ్గర కలుద్దాం. పిల్లలకు ముదురు రంగు బట్టలు, బూట్లు వేసి, నీళ్ల సీసా ఇచ్చి పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు